మగ్గం గుంత నుంచి గని గుంత దాకా
(ఒక్కూట వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మగ్గం ఆపి మరీ వచ్చినారు. ఒక పూట మగ్గం ఆగితే ఎంత నష్టమో మనకందరికీ తెలుసు. ఆ పూటను మా మాటలతో దండగ చెయ్యకుండా చూసుకుంటాము.

ఈ సభలో మాట్లాడమని కమిటీవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు, "మగ్గం గురించి చెప్పేదానికి మాకంటే పెద్దవాళ్ళు శానామంది ఉన్నారు, మేమేం చెప్పేది?" అన్నాము. "మీరు కేజీఎఫ్‌లో పెరిగినోళ్ళు కదా, ఆ సంగతే చెప్పండి" అన్నారు. నేకారుల సభలో బంగారు గని మాట ఎందుకు అని మీకు అనిపించొచ్చు. మాకూ మొదట అట్లే అనిపించింది. కానీ ఆలోచించే కొద్దీ, మన మగ్గాలకు ఈ రోజు వచ్చిన కష్టం గురించి మాకు తెలిసిందంతా ఆ గని ఊళ్ళోనే నేర్చుకున్నామని తెలిసింది.

మేము అంటే ముగ్గురం. అక్క, తమ్ముడు, నడుమ మేము. మా తాతది చింతామణి దగ్గర పల్లె. ఇంటి ముందు గదిలోనే గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని, కాళ్ళతో చెక్కలు తొక్కుతా, చేత్తో నాడె విసురుతా, నోటితో కైవారం తాతయ్య తత్వాలు పాడుకుంటా మా తాత నూలు చీరలు నేసేవాడు. కన్నడ నేల మీద పుట్టి, తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన ఆ తాతయ్య మాట మన తాలూకాల్లో తెలియని ఇల్లు లేదు. అవ్వ కండెలు చుట్టేది. మా నాయనకు పదేళ్ళు రాకముందే పోగులు అతకడం వచ్చేసింది.

1960ల మొదట్లో మా తాతకు నూలు ఇచ్చే షావుకారి నూలు తగ్గించేసినాడు. నెలకు పది దినాలు మగ్గం ఉత్తగా ఉండేది. అప్పటికే మా అమ్మ తమ్ముడు, మా మామ, కేజీఎఫ్‌లో పనికి కుదిరి ఉన్నాడు. "బావా, ఇక్కడ నెల కాగానే జీతం, ఉండేదానికి ఇల్లు, కరెంటు దీపం" అని చెప్పి పంపినాడు. నాయన మూట కట్టినాడు. అవ్వ వాకిట్లో నిలబడి ఏడ్చిందంట. "గుంతలో కూర్చొని బతికినోళ్ళం. ఇప్పుడు గుంతలోకే దిగిపోతావా నాయనా?" అన్నదంట. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాము.

ఈ తరం పిల్లలకు ఒక విషయం చెప్పాల. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది గాని, అంతకుముందు మన మూడు తాలూకాలూ, కేజీఎఫ్ కూడా ఒకే కోలారు జిల్లా. చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు మీదుగా బంగారుపేటకు చిన్న పట్టాల రైలు పోయేది. బంగారుపేటలో దిగి పెద్ద రైలు ఎక్కితే చివరి స్టేషను మారికుప్పం. అదే గనుల ఊరు. అక్కడి గనుల్లో ఒకదాని పేరు నందిదుర్గ మైన్. మన నంది కొండ పేరే.

ఆ ఊరి పుట్టుక కూడా నాలుగు మాటల్లో చెప్తాము. ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అక్కడికి వచ్చింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ అని గనులు లేచినాయి. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పని తెలిసినవాళ్ళు వచ్చినారు. బరువు పని చేసేదానికి తమిళ దేశం ఉత్తర ఆర్కాటు నుంచి, మన చిత్తూరు, కోలారు పల్లెల నుంచి వేలమంది వచ్చినారు. ఎక్కువమంది దళితులు. పల్లెలో కూలి లేక, మర్యాదా లేక వచ్చినవాళ్ళు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది దాని తర్వాత, 1905లో. 1956లో గనులు మైసూరు సర్కారు చేతికి, 1962లో కేంద్ర సర్కారు చేతికి వచ్చినాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని పేరు పెట్టినారు.

మేము పెరిగింది గని కార్మికుల లైన్లలో. లైను అంటే వరసగా గోడకు గోడ ఆనించి కట్టిన ఇండ్లు. ఒక గది, ముందర చిన్న వసారా. ఆ గదిలోనే అయిదుగురం. పక్కింట్లో దగ్గితే మా ఇంట్లో నిద్ర లేచేవాళ్ళం. వీధి కొళాయి దగ్గర బిందెల వరస. ఆ వరసలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపించేవి. ఎవరు ఏ భాషలో తిడితే ఆ భాషలోనే బదులు చెప్పడం మా అమ్మ ఆరు నెలల్లో నేర్చుకుంది. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు మా అమ్మ పితికిపప్పు సారు, రాగి ముద్ద చేస్తే పక్కింటి తమిళ అక్క గిన్నె పట్టుకొని వచ్చేది. క్రిస్మసుకు వాళ్ళింటి కేకు మాకు, ఉగాదికి మా ఒబ్బట్లు వాళ్ళకు.

ఊరికి గడియారం సైరనే. సైరను మోగితే ఒక షిఫ్టు దిగుతుంది, ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. ఏ ఇంట్లో ఏ పొద్దు ఉడకాలో, పిల్లలు ఎప్పుడు గట్టిగా మాట్లాడకూడదో అదే చెప్పేది. నాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే మేము వసారాలో గోలీలాట కూడా సైగలతోనే ఆడేవాళ్ళం. మా ఆటస్థలం సైనైడ్ దిబ్బలు. రాయిని పొడి చేసి, సైనైడుతో బంగారం తీసినాక మిగిలిన పిండి అది. కొండల మాదిరి పోసి ఉండేది. గాలి వీస్తే ఆ పిండి లేచి ఊరంతా కప్పేది. అన్నంలో పడేది, ఆరేసిన బట్టల మీద పడేది. అది మంచిది కాదని అమ్మ అరిచేది. మేము వినేవాళ్ళం కాదు. గోనెసంచి మీద కూర్చొని జారేవాళ్ళం.

మేము బంగారం చూసినామా అని అందరూ అడుగుతారు. చూడలేదు. నాయన కూడా ముద్ద బంగారం చూడలేదు. ఆయన చూసింది తెల్ల రాయి. టన్నుల కొద్దీ రాయి తవ్వి పొడి చేస్తే గ్రాముల లెక్కన బంగారం వచ్చేది. బయటికి వచ్చేటప్పుడు తనిఖీ ఉండేది. అమ్మ మెడలో మాత్రం పసుపు తాడే. పట్టు చీర నేసే మన ఇండ్లల్లో ఆడవాళ్ళు ఏ చీర కట్టుకుంటారో మీకు చెప్పనక్కర లేదు.

వేసవి సెలవుల్లో చిన్న రైలెక్కి తాతింటికి పోయేవాళ్ళం. పల్లెలో అప్పటికింకా కిరసనాయిలు బుడ్డే. "మా ఊళ్ళో స్విచ్చి నొక్కితే దీపం" అని బడాయి కొట్టేవాళ్ళం. తాత మమ్మల్ని ఒక్కొక్కరినీ మగ్గం మీద కూర్చోబెట్టి నాడె ఆడించడం నేర్పినాడు. ఒకసారి మా అమ్మ తాతను అడిగింది. "మామా, అక్కడ ఖాళీగా ఉంటాము, ఒక మగ్గం పెట్టుకుంటే నాలుగు రూపాయలు వస్తాయి కదా?" అని. నాయన తల అడ్డంగా ఊపినాడు. ఆ ఇల్లు మాది కాదు. నేల తవ్వకూడదు. గుంత లేకుండా గుంత మగ్గం ఎట్లా? తాత కాసేపు ఊరకున్నాడు. "మగ్గం గుంత తవ్వుకోలేని ఇల్లు ఇల్లెట్లా అవుతుంది?" అన్నాడు. మాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి చెప్తాము. భూమి లోపల మూడు కిలోమీటర్లకు పైగా తవ్వినారు ఆ గనుల్లో. ప్రపంచంలోని లోతైన గనుల్లో అదొకటి. లోపలికి పోయే కొద్దీ రాయి కాలుతుంటుంది. పైనున్న కొండంత బరువు ఒత్తి ఒత్తి, ఒక్కోసారి రాయి బాంబు మాదిరి పేలేది. దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. పైన ఇండ్లు అదిరేవి. గూట్లో గిన్నెలు కింద పడేవి. ఆ రాత్రి గిన్నెలు పడిన చప్పుడుకే అందరం లేచినాము. ఎవ్వరూ ఏమీ మాట్లాడలేదు. లైన్లలోని ఆడవాళ్ళంతా చెప్పులు కూడా వేసుకోకుండా షాఫ్టు దిక్కు నడిచినారు. మేము అమ్మ కొంగు పట్టుకొని వెనకాలే పోయినాము.

షాఫ్టు మీద ఇనుప గోపురం, దాని పైన పెద్ద చక్రం. ఆ చక్రం తిరిగితే కేజ్ పైకి వస్తున్నట్టు. అందరి కండ్లూ ఆ చక్రం మీదే. మొదటి కేజ్‌లో నాయన లేడు. రెండో దాంట్లో లేడు. తెల్లారబోతుండగా వచ్చిన దాంట్లో నాయన ఉన్నాడు. ముఖమంతా బూడిద. మమ్మల్ని చూసి కూడా గుర్తు పట్టనట్టు నిలబడినాడు. మా అమ్మ నాయన దగ్గరికి పోలేదు. పక్కనే నిలబడి ఉన్న తమిళ అక్క చెయ్యి పట్టుకుంది. ఎందుకంటే ఆ అక్క వాళ్ళాయన ఏ కేజ్‌లోనూ రాలేదు.

ఆ తర్వాత జరిగిందే మేము మీకు చెప్పాలనుకున్న మొదటి సంగతి. ఆ ఇంట్లో నెల దినాలు పొయ్యి వెలగలేదు, వెలిగించే అవసరం రానియ్యలేదు. పొద్దున ఒక ఇంటి నుంచి, మాపటికి ఒక ఇంటి నుంచి అన్నం పోయింది. కులం ఎవరూ అడగలేదు. సంఘం వాళ్ళు కాగితాలన్నీ రాసి, ఆ అక్కను ఆఫీసుకు తీసుకొనిపోయి, రావలసిన పరిహారం వచ్చేదాకా తిరిగినారు. ఆ ఊరి కార్మికుల ఐకమత్యానికి పాత చరిత్ర ఉంది. కూలీల వేలిముద్రలు తీసుకొని రిజిస్టరు పెట్టాలని చూసినప్పుడు, 1930లోనే గనులన్నీ ఆపి సమ్మె చేసినవాళ్ళు వాళ్ళు. "మేము దొంగలమా?" అన్నది వాళ్ళ ప్రశ్న. చదువు లేనివాళ్ళు అడిగిన ప్రశ్న అది.

అదే కాలంలో మా తాత ఊళ్ళో ఒక నేకారుడు పోయినాడు. వారం తిరక్కుండా ఆ ఇంటికి నూలు ఇచ్చే ఆసామి వచ్చి, అడ్వాన్సు బాకీ ఎంతుందో లెక్క చెప్పి, మగ్గం మీదున్న సగం చీరను కోయించుకొని పోయినాడు. ఊళ్ళో ముప్పై మగ్గాలు ఉన్నాయి. ఏ ఇంట్లో మగ్గం ఆ ఇంట్లో ఆడుతానే ఉంది. అందరికీ బాధే. కానీ అడిగేదానికి ఎవ్వరూ పోలేదు. ఎందుకంటే అందరికీ అదే ఆసామి దగ్గర బాకీ.

మేము పిల్లలం ఈ రెండూ చూసినాము. గని ఊళ్ళో ఇల్లు వాళ్ళది కాదు, పనిముట్టు వాళ్ళది కాదు, కాళ్ళ కింద నేల వాళ్ళది కాదు. కానీ మనిషికి మనిషి ఉన్నాడు. మన ఊళ్ళో మగ్గం మనది, గుంత మనది, ఇల్లు మనది. కానీ ఎవరికి వారే.

నాయన పనిచేసింది రాయి తొలిచే మిషను మీద. ఆ తెల్ల రాతి దుమ్ములో కంటికి కనపడనంత సన్నని సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే గట్టిపడుతుంది. దానికి సిలికోసిస్ అని పేరు. ఒకసారి వచ్చిందంటే పూర్తిగా నయం చేసే మందు లేదు. దుమ్ము పీల్చింది ఒక కాలంలో, దగ్గు పట్టింది ఇంకో కాలంలో. అందుకే మనిషి దాన్ని మామూలు దగ్గు అనుకుంటాడు. నాయనా అట్లే అనుకున్నాడు. 1984లో పని మానుకొని మమ్మల్ని తీసుకొని చింతామణికి వచ్చేసినాడు. వచ్చిన మరుసటి దినమే తాత మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు. గంట నేసేసరికి ఆయాసం. చెయ్యికి పని గుర్తుంది, ఊపిరి సహకరించలేదు. ఆ తర్వాత అమ్మ నేసింది, అక్క నేసింది, మేము నేసినాము. నాయన వాకిట్లో కూర్చొని కండెలు చుట్టేవాడు, చిన్నప్పుడు అవ్వ చుట్టినట్టే. ఏడేళ్ళు అట్లా గడిపి వెళ్ళిపోయినాడు.

ఒక నవ్వు మాట కూడా చెప్తాము, అంతా ఏడుపే అనుకోకండి. 1965లో ఆ లోతు గనిలో సైంటిస్టులు మిషన్లు పెట్టుకొని కూర్చున్నారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటు వాళ్ళు, జపాను, ఇంగ్లండు వాళ్ళు. న్యూట్రినో అని ఒక కణం ఉందంట, కొండల్లోంచి, భూమిలోంచి, మన ఒంట్లోంచి కూడా తగలకుండా దూరిపోతుందంట. గాలి మండలంలో పుట్టే ఆ కణాల జాడ ప్రపంచంలో మొదట పట్టుకున్న చోట్లలో మా కేజీఎఫ్ ఒకటి. నాయన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే అమ్మ, "కండ్లకు కనపడనిదాన్ని పట్టేదానికి అంత దూరం నుంచి వచ్చినారా? ఆ లోపల కండ్లకు కనపడే మనుషులు ఉన్నారు, వాళ్ళను ఒకసారి చూసి పోమ్మను" అనింది. నాయన పడి పడి నవ్వినాడు. ఆయన అట్లా నవ్వింది మాకు బాగా గుర్తు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. రాయిలో బంగారం తగ్గిపోయింది, తీసే ఖర్చు పెరిగిపోయింది. నూటికి పైగా ఏండ్లు, దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చిన ఊరు అది. పంపులు ఆపేసినాక లోపల నీళ్ళు నిండిపోయినాయి. ఆ దినం మా మామ కొడుకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసినాడు. "అక్కా, ఇవాళ సైరను మోగలేదు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేకపోయినాడు.

పని పోవడమొకటే కాదు. ఆ ఊళ్ళో ఇల్లు, నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, బడి అన్నీ ఆ ఒక్క గనికే ముడిపడి ఉండేవి. ముడి ఊడిపోయేసరికి అన్నీ ఒక్కసారి వదులైనాయి. ఈ రోజుకీ అక్కడి పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పోయి, రాత్రికి ఇల్లు చేరుకుంటారు. మామ కొడుకూ ఇరవై ఏండ్లు అట్లే తిరిగినాడు. మన ఇంటికి వచ్చినప్పుడు మగ్గం ముందు కూర్చొని, "మీకు ఇదన్నా ఉంది" అన్నాడు. మేము "మీకు సంఘమన్నా ఉండేది" అన్నాము. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

అన్నలారా, అక్కలారా, మేము చెప్పదలచుకున్నది ఆ రెండు మాటల నడుమే ఉంది. మగ్గం ఉండి సంఘం లేకపోతే మనం బాకీకి బందీలం. సంఘం ఉండి చేతిలో తనదంటూ ఏదీ లేకపోతే, పైనుంచి ఒక కాగితం వచ్చిన దినం ఊరే ఆరిపోతుంది. రెండూ ఒకే చోట ఉండాల. ఈ ఒక్కూట అనేది మా కండ్లకు ఆ పనికే పుట్టినట్టు కనపడుతుంది. తొగట, పద్మశాలి, దేవాంగ, కురుహినశెట్టి, పట్టుసాలి అని మనకు వేరు వేరు పేర్లు ఉండొచ్చు. ఒకరు చౌడమ్మను, ఒకరు మార్కండేయుణ్ణి కొలుస్తారు. గని లైన్లలో మేము చూసినాము. రాయి పేలినప్పుడు అది కులం అడగలేదు. నూలు ధర పెరిగినప్పుడు అది కూడా అడగదు.

ఉత్త మాటలు చెప్పి పోకుండా, నాలుగు పనులు ఒక్కూట ముందు పెడతాము.

మొదటిది, ఊపిరి. మన ఇండ్లలో నూలు దూది, పవర్‌లూం షెడ్లలో దుమ్ము, చెవులు పగిలే చప్పుడు. రాతి దుమ్ముకూ దూదికీ తేడా ఉంది, ఒకటే అని మేము అనము. కానీ "మామూలు దగ్గే" అనుకునే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఏడాదికి ఒకసారి ప్రతి తాలూకాలో నేకారులకు ఊపిరితిత్తులు, కండ్లు, చెవులు చూసే శిబిరం పెట్టాల. చూసింది ఒక పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టుకోవాల. పని చేసే చోట కిటికీ తెరవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఖర్చు లేని పనులు. మా నాయనకు ఎవరన్నా పదేళ్ళ ముందు చెప్పి ఉంటే అని మేము ఇప్పటికీ అనుకుంటాము.

రెండోది, చావు పూట తోడు. ఇంటికి నెలకు కొంచెం చొప్పున వేసుకొని ఒక నిధి. ఏ మగ్గం ఇంట్లో మనిషి పోయినా, మొదటి నెల ఆ ఇంటికి బియ్యం, రాగులు చేరాల. బాకీ లెక్క చెప్పేదానికి ఎవరన్నా వస్తే, ఆ ఇంటి తరఫున మాట్లాడేదానికి ఒక్కూట మనుషులు ఇద్దరు అరుగు మీద కూర్చొని ఉండాల.

మూడోది, కాగితం. కేంద్రం ఇచ్చే నేకారుల గుర్తింపు కార్డు, మన రాష్ట్రం నేకార సమ్మాన్ యోజన ఇట్లాంటివి ఉన్నాయి. పేరు లెక్కలో లేకపోతే అవి ఏవీ రావు. ముఖ్యంగా ఆడవాళ్ళ పేర్లు. కండె చుట్టేది ఆమె, అచ్చు దగ్గర కూర్చునేది ఆమె, పోగు తెగితే అతికేది ఆమె. కార్డు మాత్రం ఆయన పేరు మీద. గనిలో తమిళ అక్కకు పరిహారం వచ్చిందంటే, రిజిస్టరులో పేరు ఉండబట్టే వచ్చింది. మా అమ్మ ముప్పై ఏండ్లు నేసింది. ఏ రిజిస్టరులోనూ ఆమె నేకారు కాదు.

నాలుగోది, పిల్లలు. మన పిల్లలు బెంగుళూరు గార్మెంట్సుకు, దొడ్డబళ్ళాపురం పవర్‌లూంలకు, కంపెనీలకు పోతున్నారు. పోవద్దు అని చెప్పే హక్కు మాకు లేదు. మా నాయన కూడా పోయినవాడే. ఆయన పోయినందుకే మేము బడి ముఖం చూసినాము, ఆ మాటా నిజమే. పోయే పిల్లలకు మేము చెప్పేది ఒక్కటే. పోయే ముందు మూడు మాటలు అడగండి. నాకు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? నేను పడుకునే ఇల్లు ఎవరిది? రేపు ఇది మూతపడితే నా చేతిలో ఏం మిగులుతుంది? మూడో దానికి బదులు దొరకకపోతే, పండక్కి ఇంటికి వచ్చినప్పుడన్నా మగ్గం మీద ఒక గంట కూర్చోండి. తాత మాకు సెలవుల్లో నేర్పిన ఆ నాలుగు వారాల పనే, మేము ఊరికి తిరిగి వచ్చిన దినం మమ్మల్ని నిలబెట్టింది.

ఈ సారి మన సంచిక కాగితం మీద కాకుండా ఫోనులోనే అందరికీ వస్తుందని చెప్పినారు. మంచిది. దాంట్లో సన్మానాల ఫోటోలతో పాటు, ప్రతి ఇంటి పెద్దవాళ్ళ మాట ఒక పేజీ పెట్టండి. ఏ ఊరి నుంచి వచ్చినారు, ఏ మగ్గం మీద ఏం నేసినారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. గనుల ఊళ్ళో షాఫ్టు మూసేసినాక, లోపల పనిచేసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళు చెప్పకుండా పోయినది మళ్ళీ ఎవ్వరూ తవ్వి తీయలేరు. మన ఇండ్లలో ఆ పెద్దవాళ్ళు ఇంకా వాకిట్లోనే కూర్చొని ఉన్నారు.

మా తాత మగ్గం గుంత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇంటికి టైల్సు వేసేటప్పుడు మేస్త్రీ, "దీన్ని పూడ్చేద్దామా?" అని అడిగినాడు. ముగ్గురం ఒక్కసారే వద్దన్నాము. ఆ ఒక్క చోట టైల్సు లేవు. మా అక్క ఈ పొద్దు కూడా దాంట్లో కాళ్ళు పెట్టుకొని రెండు జానలు నేసి, ఆ తర్వాతే ఈ సభకు బయలుదేరింది. అదిగో, ఆ మూడో వరసలో కూర్చొని ఉంది.